అండమాన్ వెళ్ళే మనవారికి కొబ్బరి పీత సంగతి తెలియాలి

సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో ‘మనిషినైనా చీల్చే రాకాసి పీత’ అన్న శీర్షికతో ఒక ఫొటో, దాని కింద చిన్న వ్యాఖ్య ప్రచురించారు. చెత్త డబ్బాను కరచుకుని ఉన్న ఆ పీత బొమ్మ నిజమైనదే. దాని కింద రాసిన మాటల్లో మాత్రం నిలబడేవి తక్కువ. కొబ్బరి పీత రాత్రిపూట సముద్రంలోంచి లేచి వచ్చి తోటలను కొల్లగొడుతుందనీ, మన తూర్పు తీరంలోనూ అప్పుడప్పుడు కనబడుతుందనీ, దాని పట్టుకు చిక్కిన మనిషి బతకడనీ అందులో ఉంది. ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి ఒకరికొకరు పంపుకోవడంతో గోపాల్‌పూర్ నుంచి సోనపూర్ దాకా గంజాం జిల్లా తీరంలోని మన తెలుగు జాలరి పేటల్లో అది పెద్ద చర్చ అయింది. బరంపురంలో చాలాకాలం జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కావడంతో, నన్ను అడిగినవారికి చెప్పగలిగినంత చెప్పాను. అయితే అచ్చులో వచ్చినదానికి అచ్చులోనే సమాధానం ఉండాలన్న ఉద్దేశంతో ఈ లేఖ రాస్తున్నాను. భయం పోగొట్టడానికైతే నాలుగు మాటలు చాలు. ఆ ప్రాణి నివసించే దీవులకు మన జిల్లాల నుంచి, పక్కనున్న శ్రీకాకుళం నుంచి ఎందరో పనులకు వెళుతుంటారు. దాని మనుగడలో మనవారి నడవడికకూ భాగం ఉంది కనుక కొంత వివరంగా రాయవలసి వస్తోంది.

ముందుగా తీరవాసులకు ఒక మాట. కొబ్బరి పీత గంజాం తీరంలో లేదు, శ్రీకాకుళం తీరంలో లేదు, మన దేశపు ప్రధాన భూభాగంలో మరెక్కడా దానికి నివాసం లేదు. సాయంత్రం వేళ బొరియల్లోంచి బయటికి వచ్చి మన ఇసుక మీద పరుగులు తీసే ఎర్రని పీతలు వేరే జాతివి, వాటివల్ల ఎవరికీ హాని లేదు. కొబ్బరి పీత ఆఫ్రికా తూర్పు తీరానికి చేరువలోని దీవులు మొదలుకొని పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల వరకు అక్కడక్కడ విడివిడిగా బతుకుతోంది. అన్నిటికన్నా ఎక్కువ సంఖ్యలో ఉన్నది ఆస్ట్రేలియా అధీనంలోని క్రిస్మస్ దీవిలో. మన దేశానికి వస్తే అండమాన్ నికోబార్ దీవుల్లో, అందులోనూ దక్షిణ సెంటినల్, గ్రేట్ నికోబార్ వంటి కొద్ది చోట్ల మాత్రమే ఉంది. కాబట్టి మొగలి పొదల వైపు పిల్లలను పంపడానికి వెనుకాడుతున్న తల్లిదండ్రులు పాములకు జాగ్రత్తపడితే చాలు, పీతకు కాదు.

ఇక ఆ ప్రాణి స్వరూపం. నేల మీద బతికే సంధిపాద జీవుల్లో, అంటే కీళ్ళ కాళ్ళూ పైన గట్టి పెంకూ ఉండే జీవుల్లో, ఇంతకన్నా పెద్దది ప్రపంచంలో లేదు. బాగా ఎదిగిన మగ పీత 4 కిలోల వరకు తూగుతుంది, కాళ్ళు చాచితే ఈ కొన నుంచి ఆ కొనకు దాదాపు ఒక మీటరు ఉంటుంది. కొన్ని నీలం, ఊదా కలిసిన రంగులో, మరికొన్ని ఎరుపు, నారింజ రంగుల్లో ఉంటాయి. 1767లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు పీతల్లోనే చేర్చాడు గానీ, మనం కూర వండుకునే పీతలకు ఇది దగ్గరి చుట్టం కాదు. గోపాల్‌పూర్ ఇసుకలో ఖాళీ నత్తగుల్లలో తలదాచుకుని, ఆ గుల్లను వీపున మోస్తూ తిరిగే చిన్న పీతలను చూడనివారు మన తీరంలో ఉండరు. కొబ్బరి పీత ఆ వర్గానికి చెందినది. చిన్నతనంలో ఇదీ గుల్ల మోసే తిరుగుతుంది. పెరిగే కొద్దీ దాని ఉదరం మీద పెంకు గట్టిపడి, గుల్ల అవసరం తీరిపోతుంది. గుల్లలో తలదాచుకునే జీవి ఆ గుల్ల కొలతను మించి ఎదగలేదు. దానిని వదిలిపెట్టగలిగినందువల్లనే ఇది ఇంత పెద్దది కాగలిగింది.

దీనికి ఐదు జతల కాళ్ళు ఉన్నా పైకి కనిపించేవి నాలుగు జతలే. ముందున్నవి డెక్కలు, వాటిలో ఎడమది కుడిదానికన్నా పెద్దది. తర్వాతి రెండు జతలు నడవడానికీ చెట్లెక్కడానికీ ఉపయోగపడతాయి. నాలుగో జత చివర చిన్న పటకారు వంటి నిర్మాణం ఉంటుంది. ఐదో జత మరీ సన్నగా ఉండి, డిప్ప లోపలి శ్వాసగదిలో దాగి దానిని శుభ్రం చేస్తూ ఉంటుంది. డెక్కల బలం గురించి మీ పత్రిక రాసినదానిలో కొంత నిజం ఉంది. జపాన్‌లోని ఒకినావా పరిశోధకులు 29 పీతల పట్టును కొలిచి 2016లో ఫలితాలు ప్రకటించారు. వారికి దొరికిన గరిష్ఠ బలం 1,765 న్యూటన్లు, అంటే సుమారు 180 కిలోల బరువు మోపినంత. 4 కిలోల పీతకైతే అది 3,300 న్యూటన్ల దాకా ఉండవచ్చని వారు లెక్క కట్టారు. చేయి పెట్టినవాడి వేలు నలగడం ఖాయం. కానీ దాని జోలికి పోని మనిషిని అది వెతుక్కుంటూ రాదు. అలికిడి వింటే బొరియలోకో, రాతి సందులోకో, చెట్టు మీదికో తప్పుకునే జీవి అది. మనుషుల వేట ఎక్కువగా ఉన్న దీవుల్లోనైతే పగలు బయటికి రావడమే అరుదు.

కొబ్బరికాయను ఒలిచే పద్ధతి చెప్పుకోదగ్గది. 1836 ఏప్రిల్‌లో చార్లెస్ డార్విన్ హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవులకు వెళ్ళినప్పుడు దీని గురించి వివరంగా రాసుకున్నాడు. పీత ముందుగా పీచును పోగు పోగుగా చీలుస్తుంది, అది కూడా ఎప్పుడూ కాయకు కళ్ళున్న వైపు నుంచే మొదలుపెడుతుంది. మూడు కళ్ళూ బయటపడ్డాక వాటిలో ఒకదాని మీద బరువైన డెక్కతో దరువు వేసి రంధ్రం చేస్తుంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి, వెనుక కాళ్ళ సన్నని పటకార్లతో తెల్లని కొబ్బరిని లాగి తింటుంది. కత్తితో కొబ్బరి ఒలిచేవారు సైతం కళ్ళ వైపు చిప్ప పలచగా ఉంటుందని ఎరుగుదురు, ఈ జీవి కూడా ఆ చోటునే ఎంచుకుంటుంది. ఒక్క కాయను తెరవడానికి దానికి రోజులు పట్టవచ్చు. కాబట్టి తోటలు కొల్లగొట్టే మాట అతిశయోక్తి. పేరులో కొబ్బరి ఉన్నా కొబ్బరి లేని దీవుల్లోనూ ఇది సుఖంగా బతుకుతుంది. రాలిన పండ్లు, గింజలు, కుళ్ళిన చెట్ల బోదె, చచ్చిన జంతువులు, తోటి పీతలు, తాను విడిచిన పెంకు, ఏవైనా తింటుంది. వేటాడడమూ దానికి తెలుసు. చాగోస్ దీవుల్లో ఒక కొబ్బరి పీత కొమ్మ మీద నిద్రిస్తున్న సముద్రపక్షిని పట్టి రెక్క విరిచి తినడాన్ని ఒక పరిశోధకుడు స్వయంగా చూసి నమోదు చేశాడు.

ఇక్కడ గంజాంవారికి ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. కొబ్బరి పీత ఇష్టంగా తినేవాటిలో మొగలి జాతి చెట్ల పండ్లు ముఖ్యమైనవి. ఛత్రపురం, రంగేయిలుండ ప్రాంతాల్లో పొలం గట్ల వెంట పెంచే మొగలిలో అత్తరుకు పనికివచ్చేది మగ పువ్వు ఒక్కటే కావడంతో, ఆడ చెట్టుకు అనాసలా వేలాడే పండును మనం లెక్కచేయం. దీవుల్లో ఆ పండు రాలిన వాసనను ఈ పీత దూరం నుంచే పసిగట్టి వస్తుంది. దాని స్పర్శశృంగాల్లోని, అంటే తల ముందుండే మీసాల వంటి అవయవాల్లోని, వాసన పట్టే నిర్మాణం నీటి పీతలకన్నా కీటకాలకు దగ్గరగా ఉంటుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. నీటిలో వాసన పట్టడానికీ గాలిలో పట్టడానికీ తేడా ఉంది కనుక, నేల మీద జీవితానికి తగినట్టు ఆ ఇంద్రియం మారిందని వారి వివరణ. మన తీరంలో తుఫానుల తర్వాత, ముఖ్యంగా 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తర్వాత, పడిపోయిన కొబ్బరి, మొగలి చెట్లను తిరిగి నాటుకున్నాం. జనం లేని దీవుల్లో అటువంటి తీరపు అడవి పోతే నాటేవారు ఉండరు. అక్కడ చెట్టూ పీతా రెండూ పోతాయి.

సముద్రంలోంచి వస్తుందన్న మాట పూర్తిగా తలకిందులు. ఎదిగిన కొబ్బరి పీతను నీటిలో ఉంచితే మునిగి చనిపోతుంది. దాని మొప్పలు క్షీణించిపోయాయి. డిప్ప లోపలి శ్వాసగది గోడలు ఊపిరితిత్తుల వలె పనిచేసి గాలి నుంచి ప్రాణవాయువు తీసుకుంటాయి. ఆ గోడలు తడిగా ఉంటేనే అవి పనిచేస్తాయి కనుక పగటి ఎండకు తట్టుకోలేక నీడలో, బొరియల్లో గడుపుతుంది. జత కట్టడమూ నేల మీదే జరుగుతుంది. సముద్రంతో దానికున్న సంబంధమల్లా సంతానం కోసమే. ఆడ పీత వేల సంఖ్యలో, పెద్దదైతే లక్షకు పైగా గుడ్లను ఉదరం కింద అంటించుకుని మోస్తుంది. గుడ్లు పొదగడం పూర్తయ్యే వేళకు ఒడ్డుకు దిగి, పోటు సమయంలో అలల అంచున వాటిని నీటిలో విడుస్తుంది. నీరు తగలగానే గుడ్లు పగిలి లార్వాలు, అంటే తొలిదశ పిల్లలు, బయటపడతాయి. అవి మూడు నాలుగు వారాలు సముద్రపు ప్రవాహాల్లో కొట్టుకుపోతూ, చేపలకు ఆహారం కాగా మిగిలినవి అడుగుకు దిగి, దొరికిన చిన్న నత్తగుల్లలో దూరి, కొన్నాళ్ళకు ఒడ్డుకు పాకి వస్తాయి. ఒకసారి నేలకు అలవాటు పడ్డాక మళ్ళీ నీటిలో బతకలేవు. ఒక దీవిలో పీతలు నశిస్తే మరో దీవి నుంచి నడిచి వచ్చేవి ఉండవు. ఎక్కడి నుంచో కొట్టుకువచ్చే లార్వాల అదృష్టం మీదే ఆధారపడాలి.

సంపాదకులు, పాఠకులు దయచేసి ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని నా మనవి. కొబ్బరి పీత పెరుగుదల నమ్మలేనంత నిదానం. సంతానం కనే వయసు రావడానికే సుమారు ఐదేళ్ళు పడుతుంది, పూర్తి పరిమాణానికి ఎదగడానికి 40 ఏళ్ళో అంతకు మించో పడుతుంది. ఎదగాలంటే పాత పెంకు విడవాలి. పెంకు విడవడానికి అది భూమిలో బొరియ తవ్వుకుని లోపల మూసుకుని వారాల తరబడి, పెద్దవైతే నెలల తరబడి ఉండిపోతుంది. కొత్త పెంకు గట్టిపడే వరకు విడిచిన పెంకునే తింటూ అందులోని సున్నాన్ని తిరిగి ఒంట పట్టించుకుంటుంది. ఆ కాలంలో దాని శరీరం మెత్తగా, నిస్సహాయంగా ఉంటుంది. నేలను దున్నినా, యంత్రాలతో చదును చేసినా, పందులూ కుక్కలూ తవ్వినా లోపలున్నది బయటికి రాకుండానే చస్తుంది. ఇలా ముప్పై నలభై ఏళ్ళు బతికి పెద్దదైన పీతనే మనిషి ఎంచుకుని పట్టుకుంటాడు, ఎందుకంటే మాంసం దానిలోనే ఎక్కువ. గుడ్లు ఎక్కువగా పెట్టేవీ పెద్ద ఆడ పీతలే. వేట మొదలైన దీవిలో మొదట పెద్దవి మాయమై, తర్వాత సగటు పరిమాణం తగ్గి, చివరకు చిన్నవి కూడా కనిపించని స్థితి రావడం పసిఫిక్ దీవుల్లో చాలా చోట్ల జరిగింది. లక్ష గుడ్లు పెట్టే ప్రాణికి లోటేమిటని అడిగేవారున్నారు. ఆ లక్షలో ఒడ్డు చేరి పెద్దదయ్యేది ఒకటో రెండో కూడా కాకపోవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1996లో సమాచారం చాలదని పక్కన పెట్టిన ఈ జాతిని 2018 నాటి మదింపులో ‘ముప్పుకు లోనైన’ జాతిగా గుర్తించింది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పీతకు మొదటి షెడ్యూలులో చోటిచ్చి, పులికీ ఏనుగుకూ ఇచ్చిన రక్షణ ఇచ్చారు. పట్టడం, చంపడం, అమ్మడం, దాని డిప్పను జ్ఞాపికగా తీసుకురావడం, ఇవన్నీ జైలు శిక్ష పడే నేరాలు. చట్టం కన్నా ముందే దానిని కాపాడినది కొందరు నికోబారీల నమ్మకం. దానిని తింటే అరిష్టమనీ, ప్రాణాంతకమైన జబ్బు చేస్తుందనీ వారి పెద్దలు చెప్పేవారు. ఆ భయంలో కొంత సత్యమూ లేకపోలేదు. విషపు కాయలు తిన్న కొబ్బరి పీత మాంసంలో ఆ విషం చేరుతుందని, న్యూ కాలెడోనియాలో అటువంటి మాంసం తిని మరణించినవారు ఉన్నారని వైద్యులు నమోదు చేశారు. నమ్మకం ఉన్న ఊళ్ళలో పీత నిలిచింది, దానిని ఎరుగని కొత్తవారు వచ్చి స్థిరపడ్డ చోట తగ్గింది.

దాని నివాసానికి ఈ మధ్య కాలంలో రెండు పెద్ద దెబ్బలు తగిలాయి. 2004 డిసెంబరు భూకంపం, సునామీల్లో గ్రేట్ నికోబార్ దక్షిణ భాగం మీటరుకు పైగా కుంగి, తీరపు అడవి చాలా మేర ఉప్పునీటి పాలైంది. రెండోది మనిషి చేతిది. ఆ దీవిలో ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్కేంద్రం, కొత్త పట్టణం నిర్మించే పథకానికి 2022 నవంబరులో పర్యావరణ అనుమతి లభించింది. మొత్తం 166 చదరపు కిలోమీటర్ల పథకంలో 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి పోతుంది. ఓడరేవు రానున్న గలాతియా తీరం తోలు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు, దానికున్న అభయారణ్యం హోదాను 2021లోనే తొలగించారు. దేశ రక్షణకు అవసరమని ప్రభుత్వం చెబుతోంది, ఆ వాదాన్ని తూచే శక్తి నాకు లేదు. కానీ జంతుశాస్త్రం చదివినవాడిగా ఒకటి చెప్పగలను. పీతలను పట్టి వేరేచోటికి తరలిస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. నేల కింద పెంకు విడుస్తూ దాగినవాటిని ఏ సర్వే లెక్కించలేదు, ఏ బృందం పట్టుకోలేదు. తీరపు అడవిని ఉన్నచోట ఉన్నట్టు విడిచిపెట్టడమే దీనికి చేయగల మేలు.

మనవారి సంగతికి వస్తాను. పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు శ్రీవిజయపురమని పేరు మారిన ఆ పట్టణంలో, తెలుగు మాట వినిపించని వీధి తక్కువని అక్కడికి వెళ్ళివచ్చినవారు చెబుతారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల జాలరులు తరాల కిందటే అక్కడ స్థిరపడ్డారు, గంజాం పేటల నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. విశాఖపట్నంలో ఓడ ఎక్కితే చేరేది అక్కడికే. రేపు గ్రేట్ నికోబార్‌లో నిర్మాణాలు సాగితే, రోడ్లకూ కాంక్రీటు పనులకూ మేస్త్రీలు మన గజపతి, రాయగడ, కోరాపుట్ పల్లెల నుంచే మనుషులను తీసుకుపోతారు. కొత్త చోట, చేతిలో డబ్బు తక్కువై, రాత్రిపూట శిబిరం చుట్టూ తిరిగే 3 కిలోల పీత కనిపిస్తే ఆకలిగొన్న కూలి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అతనికి చట్టం తెలియదు, ఆ పీత వయసు తన వయసంత ఉండవచ్చని తెలియదు, మాంసంలో విషం ఉండవచ్చని తెలియదు. తెలిసి చేసే వేటగాడితో సమానంగా అతనిని శిక్షించడం నాకు బాధ కలిగిస్తుంది. తెలియజేయకపోవడం మన తప్పు.

తెలిస్తే మారతారనడానికి సాక్ష్యం మన ఊరి వాకిట్లోనే ఉంది. ఋషికుల్య నదీముఖం దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు సామూహికంగా గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో శాస్త్రలోకానికి తెలిసింది. ఆ తర్వాతి ఏళ్ళలో పురుణబంధ, గోఖరకుద, పొడంపేట వంటి ఊళ్ళ యువకులు సంఘాలుగా ఏర్పడి, తాబేళ్ళు వచ్చే రాత్రులు తీరంలో కాపలా కాస్తున్నారు. దారితప్పి దీపాల వైపు పాకే పిల్లలను ఏరి నీటికి చేరుస్తున్నారు. ఆ ఊళ్ళలో తెలుగు మాట్లాడే జాలరులున్నారు. తాబేలు గుడ్లు వండుకు తిన్న రోజులు ఒడ్డు గ్రామాల పెద్దలకు గుర్తే. అదే మనుషులు వేరే తీరానికి వెళ్ళినప్పుడు అక్కడి ప్రాణి పట్ల అంతే బాధ్యతతో ఉండగలరని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుచేత మీకు నా విన్నపాలు. మొదటిది, అదే ఆదివారం పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, మొదటి వ్యాఖ్యకు సవరణ ప్రచురించాలి. తూర్పు తీరంలో కొబ్బరి పీత లేదన్న మాట అందులో తప్పక ఉండాలి, ఎందుకంటే భయంతో మన తీరపు పీతలను కొట్టి చంపే పిల్లలను నేను చూస్తున్నాను. రెండోది, అండమాన్ ఓడల రాకపోకల వార్తలు మీ విశాఖ, శ్రీకాకుళం, బరంపురం సంచికల్లో వచ్చేటప్పుడు, దీవుల్లో ముట్టరాని ప్రాణుల జాబితాను తెలుగులో, బొమ్మలతో సహా ఇవ్వాలి. కొబ్బరి పీతతో పాటు తాబేళ్ళు, వాటి గుడ్లు, పగడాలు అందులో ఉండాలి. మూడోది మీ ద్వారా కార్మిక శాఖకూ, మనుషులను పంపే మేస్త్రీలకూ. దీవులకు తీసుకుపోయే ప్రతి జట్టుకు బయలుదేరే ముందే ఈ విషయం నోటితో చెప్పాలి, చదువురానివారు అందులో చాలామంది ఉంటారు గనుక కాగితం చాలదు. శిబిరాల్లో వంట వ్యర్థాలను కప్పి ఉంచితే పీతలు వాసనకు రావడం తగ్గుతుంది, దారి మీద కనిపించినప్పుడు వాహనం ఆపి అది దాటేదాకా ఆగితే చాలు. క్రిస్మస్ దీవిలో నేటికీ ఎన్నో పీతలు చక్రాల కింద పడి చనిపోతున్నాయి. ఎవరైనా పట్టి అమ్ముతున్నట్టు కనిపిస్తే అక్కడి అటవీ శాఖకు తెలపాలి.

తెలుగు, ఒడియా రెండు భాషల్లోనూ ఆ సూచనల పాఠం సిద్ధం చేసి ఇవ్వడానికి, జాలరి పేటల పాఠశాలలకు వచ్చి పిల్లలకు వివరించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. చేపల వేటకు విరామం ఉండే నెలల్లో మగవారంతా ఊళ్ళోనే ఉంటారు కనుక ఏప్రిల్ మూడో వారం నుంచి మొదలుపెడితే అనుకూలం.

భవదీయుడు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా.